పెళ్లి లైవ్ ఆగిపోతే స్విచ్‌లో చూడాల్సిన సెట్టింగ్: అన్‌నోన్ మల్టీకాస్ట్

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క డ్రాప్‌డౌన్ గురించి. మేనేజ్డ్ స్విచ్ సెట్టింగ్స్‌లోకి ఎప్పుడైనా వెళ్లి ఉంటే, ఐజీఎంపీ స్నూపింగ్ పేజీలో "అన్‌నోన్ మల్టీకాస్ట్" అని ఒక లైన్ చూసే ఉంటారు. దాని పక్కన రెండే మాటలు ఉంటాయి: ఫార్వర్డ్, డిస్కార్డ్. చూడ్డానికి చాలా చిన్నది. కానీ తప్పుగా పెడితే ఒక హాలు మొత్తం వైఫై చచ్చిపోతుంది, లేదంటే సరిగ్గా నాలుగు నిమిషాలు పనిచేసి టీవీలు నల్లబడిపోతాయి. ఈ రెండూ నేను ఒకే చోట, ఒకే సాయంత్రం చూశాను. ఆ కథ మధ్యలో చెప్తాను. ముందు విషయం అర్థం చేసుకుందాం.

మీ ఫోన్‌లో యూట్యూబ్ చూస్తున్నారు. ఆ వీడియో సర్వర్ నుంచి మీ ఒక్కరికే వస్తుంది. పక్కన మీ ఫ్రెండ్ అదే వీడియో చూస్తే అతనికి ఇంకో కాపీ వేరుగా వస్తుంది. ఇది యూనికాస్ట్. ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి శుభలేఖ ఇచ్చినట్టు. బ్రాడ్‌కాస్ట్ అంటే దండోరా. కావాల్సినవాడు, అక్కర్లేనివాడు అందరూ వినాల్సిందే. మల్టీకాస్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పంపేవాడు ఒక్క కాపీయే పంపుతాడు, "నాకు కావాలి" అని చేరినవాళ్లకి మాత్రమే అది అందాలి. వాట్సాప్ గ్రూప్ లాంటిదే, కాకపోతే ఇక్కడ పంపేవాడికి గ్రూపులో ఎవరున్నారో తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

ఐపీవీ4లో ఈ గ్రూపుల అడ్రస్‌లు 224తో మొదలై 239 దాకా ఉంటాయి. మీ ఫోన్ కూడా రోజూ వీటిని వాడుతుంది, మీకు తెలీకుండానే. యూట్యూబ్‌లో క్యాస్ట్ బటన్ నొక్కగానే టీవీ పేరు కనిపిస్తుంది కదా, ఆ వెతుకులాట 224.0.0.251 అనే గ్రూపులో జరుగుతుంది. చాలా స్మార్ట్ టీవీలు, డీఎల్ఎన్ఏ డివైస్‌లు 239.255.255.250 వాడతాయి. ఇవి చిన్న చిన్న మెసేజ్‌లు, వీటితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా వీడియోలాంటి బరువైనవి అదే పద్ధతిలో వెళ్లినప్పుడే వస్తుంది. హోటల్ గదుల్లో ఐపీటీవీ, సీసీటీవీ కెమెరాలు, స్టూడియో ఆడియో, ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ వాల్స్. ముంబైలో ఎన్‌ఎస్‌ఈ కూడా తన టిక్ బై టిక్ మార్కెట్ డేటాని బ్రోకర్లకి మల్టీకాస్ట్‌లోనే పంపుతుంది. ఒకే ధర అందరికీ ఒకేసారి చేరాలంటే ఇంతకంటే మంచి దారి లేదు మరి.

ఇప్పుడు స్విచ్ దగ్గరికి వద్దాం. మామూలు స్విచ్‌కి మల్టీకాస్ట్ అంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసిందల్లా ఏ మాక్ అడ్రస్ ఏ పోర్టు వెనకాల ఉంది అనేది. ఒక డివైస్ ఏదైనా పంపినప్పుడు, పంపినవాడి మాక్ చూసి నేర్చుకుంటుంది. కానీ మల్టీకాస్ట్ అడ్రస్ ఎప్పుడూ "పంపినవాడి" స్థానంలో రాదు, "అందుకోవాల్సినవాడి" స్థానంలోనే ఉంటుంది. కాబట్టి స్విచ్ దాన్ని ఎప్పటికీ నేర్చుకోలేదు. నేర్చుకోలేనిదాన్ని ఏం చేస్తుంది? అన్ని పోర్టులకీ పంపేస్తుంది. దీన్నే ఫ్లడింగ్ అంటారు. బజార్లో దొరికే ఐదు పోర్టుల, ఎనిమిది పోర్టుల అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు మామూలుగా చేసేది ఇదే.

దీనికి మందు ఐజీఎంపీ స్నూపింగ్. ఐజీఎంపీ అనేది డివైస్‌కీ రౌటర్‌కీ మధ్య భాష. "నేను ఫలానా గ్రూపులో చేరుతున్నా" అని డివైస్ చెప్పడానికి వాడేది. మొదటి వెర్షన్ 1989లో వచ్చింది, రెండోది 1997లో, మూడోది 2002లో. ఈ మాటలు నిజానికి స్విచ్‌ని ఉద్దేశించి అన్నవి కావు. స్విచ్ మధ్యలో నిలబడి చాటుగా వింటుంది. స్నూపింగ్ అంటే అదే.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. యోగా క్లాసు వాళ్లకి ఇవ్వమని ఎవరో రోజూ కరపత్రాలు తెచ్చి ఇస్తారు. 302 వాళ్లు మెట్ల మీద సెక్రటరీ గారితో "మేం యోగాలో చేరామండీ" అనడం వాచ్‌మన్ విన్నాడు. ఇక నుంచి 302కి మాత్రమే ఇస్తాడు. మరి ఒకరోజు "చెస్ క్లబ్ వాళ్లకి" అని ఒక కట్ట వచ్చింది. చెస్ క్లబ్‌లో ఎవరున్నారో వాచ్‌మన్ ఎప్పుడూ వినలేదు. ఏం చేయాలి? ప్రతి ఫ్లాట్ తలుపు కింద ఒకటి తోసేయొచ్చు. లేదా చెత్తబుట్టలో వేసేయొచ్చు. లేదా "సెక్రటరీ గారు చూసుకుంటారులే" అని ఆయన ఫ్లాట్‌కి మాత్రం ఇవ్వొచ్చు.

అన్‌నోన్ మల్టీకాస్ట్ సెట్టింగ్ అంటే సరిగ్గా ఇదే. ఫ్లడ్, డ్రాప్, లేదా రౌటర్ పోర్టుకి మాత్రమే. స్విచ్ టేబుల్‌లో పేరు నమోదు కాని గ్రూపుకి ట్రాఫిక్ వస్తే ఈ మూడింటిలో ఏది చేయాలో మనం చెప్పాలి. చాలా స్విచ్‌లలో డిఫాల్ట్‌గా ఫ్లడ్ ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోయే పాయింట్ ఒకటుంది, కొంచెం నిదానంగా వినండి. "స్నూపింగ్ ఆన్ చేశా కదా, ఇంక ఫ్లడింగ్ ఉండదు" అనుకుంటారు. ఉంటుంది. ఒక వీడియో గ్రూపుని ముగ్గురు చూస్తున్నారు అనుకోండి. టేబుల్‌లో మూడు పోర్టులు ఉన్నాయి, వీడియో ఆ మూడింటికే వెళ్తోంది. బాగుంది. రాత్రయింది, ముగ్గురూ టీవీలు కట్టేశారు. పంపే బాక్సు మాత్రం ఆగలేదు, పంపుతూనే ఉంది. ఇప్పుడు ఆ గ్రూపులో ఎవరూ లేరు, కాబట్టి టేబుల్‌లోంచి ఆ లైన్ పోయింది. టేబుల్‌లో లేదు అంటే అది "అన్‌నోన్". అన్‌నోన్‌కి సెట్టింగ్ ఫ్లడ్. అంటే ఎవరూ చూడనప్పుడు ఆ వీడియో అందరికీ వెళ్తుంది! చూసేవాళ్లు ఉన్నంతసేపు నెట్‌వర్క్ బాగుండి, అందరూ పడుకున్నాక నెమ్మదించడం అనే వింత జబ్బుకి కారణం చాలాసార్లు ఇదే. హాస్టల్‌లో "అర్ధరాత్రి వైఫై రాదు, ఎవరో డౌన్‌లోడ్‌లు పెడుతున్నారు" అని ఒకరినొకరు అనుమానించుకునే ముందు ఇది ఒకసారి చూడండి.

మరి వైర్ మీద ఒక వీడియో ఎక్స్‌ట్రాగా తిరిగితే ఏమైంది, గిగాబిట్ స్విచ్ కదా అంటారు. నిజమే, వైర్ మీద పెద్దగా ఏమీ కాదు. కొంప ముంచేది వైఫై. యాక్సెస్ పాయింట్ మీ ఫోన్‌కి మామూలు డేటా పంపేటప్పుడు వందల మెగాబిట్ల స్పీడులో పంపుతుంది, మీ ఫోన్ "అందింది" అని జవాబిస్తుంది. మల్టీకాస్ట్ అలా కాదు. అందరికీ అర్థమయ్యేలా, దూరంగా ఉన్న పాత ఫోన్‌కి కూడా వినిపించేలా మామూలుగా అతి తక్కువ బేసిక్ స్పీడులో పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 ఎంబీపీఎస్ కూడా కావచ్చు, 5 గిగాహెర్ట్జ్‌లో మామూలుగా 6. అందిందా లేదా అని జవాబు కూడా ఉండదు. ఇప్పుడు లెక్క వేయండి. 20 ఎంబీపీఎస్ వీడియో ఒకటి ఫ్లడ్ అయి యాక్సెస్ పాయింట్ దాకా వచ్చింది. దాన్ని 6 ఎంబీపీఎస్ స్పీడులో గాల్లోకి వదలాలి. ఒక సెకను వీడియో పంపడానికి మూడు సెకన్ల పైనే పడుతుంది. అంటే ఎంత పంపినా అది అవ్వదు. గాలి మొత్తం దానికే సరిపోతుంది, మీ ఫోన్‌కి వంతు రాదు. పైగా నిద్రపోతున్న ఫోన్‌లు ఈ మల్టీకాస్ట్ కోసం మధ్యమధ్యలో లేవాలి, బ్యాటరీ ఖర్చు. ఆండ్రాయిడ్‌లో యాప్ ప్రత్యేకంగా అడిగితే తప్ప ఇలాంటి ప్యాకెట్లని ఫోన్ పక్కన పడేస్తుంది. మంచిదే, కానీ అప్పటికే గాల్లో టైమ్ అయిపోయింది కదా.

ఇప్పుడు ఆ కథ. ఊరి పేరు, హాలు పేరు వద్దు. మా ఫ్రెండ్ ఒకడు పెళ్లిళ్లకి లైవ్ ఇస్తాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి "అన్నా, ఒకసారి రావా, నెట్ చూస్తే 300 ఎంబీపీఎస్ ప్యాక్ అంట, లైవ్ మాత్రం సుడి తిరుగుతోంది" అన్నాడు. పెళ్లికూతురి అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. ఇండియా వస్తే వీసా స్టాంపింగ్‌కి ఎన్ని నెలలు పడుతుందోనని భయపడి రాలేదు. బావమరిది చేతుల మీదుగా జరగాల్సినవి ఇంకెవరో చేస్తుంటే ఆయన లింకులో చూడాలి. వాళ్లమ్మగారైతే ప్రతి పది నిమిషాలకీ వచ్చి "బాబూ, వాడికి కనిపిస్తోందా?" అని అడుగుతున్నారు. ముహూర్తం రాత్రి. మా చేతిలో ఉన్నది మూడు గంటలు.

హాల్లో ఏముందంటే, కెమెరాల నుంచి మిక్సర్‌కి వస్తుంది. మిక్సర్ అవుట్‌పుట్ ఒక హెచ్‌డీఎంఐ సెండర్ బాక్సులోకి వెళ్తుంది. ఆ బాక్సు వీడియోని మల్టీకాస్ట్‌గా మార్చి నెట్‌వర్క్ కేబుల్‌లో పంపుతుంది. డైనింగ్ హాల్లో ఒకటి, ఎంట్రన్స్‌లో ఒకటి, సెల్లార్లో ఒకటి, మొత్తం మూడు రిసీవర్ బాక్సులు, వాటికి ఎల్ఈడీ వాల్స్. వందల మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ లాగక్కర్లేదు, అదే స్విచ్ చాలు. మంచి ఐడియానే. ఆ 24 పోర్టుల స్విచ్‌కే వైఫై యాక్సెస్ పాయింట్లు కూడా కలిపారు. లైవ్ ఇచ్చే ల్యాప్‌టాప్ వైఫై మీదే ఉంది. ఇంతసేపు చెప్పిన లెక్క గుర్తుంది కదా, సెండర్ బాక్సు ఆన్ చేయగానే ఆ వీడియో యాక్సెస్ పాయింట్ల దాకా వెళ్తోంది, హాల్లో ఎవరి ఫోన్‌కీ నెట్ లేదు. ప్యాక్ 100 నుంచి 300కి పెంచారట అంతకుముందే. ప్యాక్‌తో దీనికి సంబంధమే లేదు.

నేను వెళ్లేసరికి ఎల్ఈడీ వాల్ వాళ్ల టెక్నీషియన్ ఒక పని చేసి ఉన్నాడు. స్విచ్‌లో స్నూపింగ్ ఆన్ చేసి, అన్‌నోన్ మల్టీకాస్ట్ డిస్కార్డ్ పెట్టాడు. లైవ్ వెంటనే బాగుపడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాసేపటికి మూడు వాల్స్ నల్లబడ్డాయి. రిసీవర్ బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, మళ్లీ పోతుంది. "బాక్సు వేడెక్కుతోంది సార్" అని డైనింగ్ హాల్లో దాని పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఫ్యాన్ గాలికి విస్తరాకులు లేస్తున్నాయి తప్ప బొమ్మ నిలవట్లేదు.

నేను చేసిన మొదటి పని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టడం. బాక్సు ఆన్ చేశాం, బొమ్మ వచ్చింది. 4 నిమిషాల 20 సెకన్లు దాటుతుండగా పోయింది. రెండోసారీ అంతే. వేడికి పోయేదైతే ఇంత కచ్చితంగా టైమ్ పాటించదు. 4 నిమిషాల 20 సెకన్లు అంటే 260 సెకన్లు, ఆ నంబర్ ఎక్కడిదో ఐజీఎంపీ తెలిసినవాళ్లకి వెంటనే తడుతుంది.

గ్రూపులో చేరినవాడి పేరు టేబుల్‌లో శాశ్వతంగా ఉండదు. ఎవరో ఒకరు మధ్యమధ్యలో "ఈ గ్రూపులో ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి, చూస్తున్న డివైస్ "ఉన్నా" అనాలి. అప్పుడే పేరు నిలుస్తుంది. అడిగేవాడిని క్వెరియర్ అంటారు. డిఫాల్ట్‌గా 125 సెకన్లకోసారి అడుగుతాడు, జవాబుకి 10 సెకన్ల టైమ్ ఇస్తాడు. ఒక ప్రశ్న దారిలో పోయినా ఫర్వాలేదని రెండుసార్ల దాకా ఓపిక పడతారు. రెండు 125లు 250, దానికి 10 కలిపితే 260. అప్పటికీ జవాబు లేకపోతే పేరు కొట్టేస్తారు. మన వాచ్‌మన్ కథలో ఈ అడిగేవాడు సెక్రటరీ గారు. మల్టీకాస్ట్ రౌటర్ ఉన్న నెట్‌వర్క్‌లో రౌటరే ఈ పని చేస్తుంది. హాల్లో ఉన్నది ఇంటర్నెట్ కోసం పెట్టిన మామూలు రౌటర్, అది ఎవర్నీ ఏమీ అడగదు. అంటే సెక్రటరీ లేని అపార్ట్‌మెంట్. బాక్సు ఆన్ అయినప్పుడు తనంతట తాను ఒకసారి "చేరుతున్నా" అంది, స్విచ్ రాసుకుంది. తర్వాత ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు. 260 సెకన్లకి స్విచ్ పేరు కొట్టేసింది. పేరు లేదు కాబట్టి అన్‌నోన్. అన్‌నోన్ కాబట్టి డిస్కార్డ్. వాల్ నల్లబడింది. స్విచ్ తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టే చేసింది.

చేయాల్సింది ఒక్కటే. అదే స్విచ్‌లో స్నూపింగ్ క్వెరియర్ ఆన్ చేసి, దానికి ఆ నెట్‌వర్క్‌లోదే ఒక ఐపీ అడ్రస్ ఇచ్చాం. ఐపీ ఎందుకంటే, ఇవ్వకపోతే కొన్ని స్విచ్‌లు 0.0.0.0 అనే అడ్రస్ నుంచి ప్రశ్న పంపుతాయి, కొన్ని డివైస్‌లు ఆ ప్రశ్నని పట్టించుకోవు. తర్వాత స్టాప్‌వాచ్ ఐదు నిమిషాలు దాటింది, పది దాటింది, బొమ్మ నిలిచింది. టేబుల్ ఫ్యాన్ మళ్లీ పంతులు గారి దగ్గరికి వెళ్లింది. జీలకర్ర బెల్లం టైమ్‌కి డల్లాస్ నుంచి వాళ్లన్నయ్య వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్లమ్మగారు దాన్ని స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించారు.

సరే, మళ్లీ సెట్టింగ్‌లోకి. ఇప్పుడు ఆర్డర్ మీకు అర్థమయ్యే ఉంటుంది. డిస్కార్డ్ పెట్టడం ఎప్పుడూ చివరి మెట్టు. ముందు స్నూపింగ్ ఆన్ చేయాలి, తర్వాత నెట్‌వర్క్‌లో క్వెరియర్ ఉందో లేదో చూసుకుని లేకపోతే పెట్టాలి, ఆపైన కనీసం ఐదు నిమిషాలు ఆగి గ్రూప్ టేబుల్ తెరిచి చూడాలి. చూస్తున్న ప్రతి డివైస్ పోర్టు అందులో కనిపిస్తేనే అన్‌నోన్‌ని డిస్కార్డ్ చేయాలి. తొందరపడి ముందే పెట్టి, బొమ్మ వస్తోంది కదా అని ఇంటికెళ్లిపోతే నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది.

క్వెరియర్ ఎక్కడ పెట్టాలి అనేది ఇంకో ప్రశ్న. రెండు పెడితే గొడవ లేదు, తక్కువ ఐపీ ఉన్నది గెలుస్తుంది, రెండోది ఊరుకుంటుంది. కానీ స్థలం ముఖ్యం. ప్రశ్న ఏ పోర్టు నుంచి వచ్చిందో దాన్ని స్విచ్ "రౌటర్ పోర్టు" అని గుర్తు పెట్టుకుంటుంది. చేరికల సమాచారం ఆ వైపుకే పంపుతుంది, మల్టీకాస్ట్ ట్రాఫిక్ కూడా మొత్తం ఆ వైపుకి పంపుతుంది. అంటే మీరు క్వెరియర్‌ని ఎక్కడో మూలన, 100 ఎంబీపీఎస్ లింకు వెనకాల ఉన్న చిన్న స్విచ్‌లో పెడితే అన్ని వీడియోలూ ఆ సన్న సందులోకే పరిగెడతాయి. వీడియో పంపే బాక్సులు తగిలించిన మెయిన్ స్విచ్‌లోనే పెట్టండి.

మెనూలో ఈ సెట్టింగ్ పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అదో తలనొప్పి. టీపీ లింక్‌లో "అన్‌నోన్ మల్టీకాస్ట్", ఫార్వర్డ్ లేదా డిస్కార్డ్. సిస్కో చిన్న బిజినెస్ స్విచ్‌లలో "అన్‌రిజిస్టర్డ్ మల్టీకాస్ట్", పోర్టు పోర్టుకీ ఫార్వర్డింగ్ లేదా ఫిల్టరింగ్. నెట్‌గేర్ ప్లస్ స్విచ్‌లలో "బ్లాక్ అన్‌నోన్ మల్టీకాస్ట్ అడ్రస్". హువావేలో వీలాన్ లోపల "మల్టీకాస్ట్ డ్రాప్ అన్‌నోన్". మైక్రోటిక్‌లో బ్రిడ్జ్ పోర్టు సెట్టింగ్స్‌లో "అన్‌నోన్ మల్టీకాస్ట్ ఫ్లడ్" అని టిక్ ఉంటుంది, తీసేస్తే ఆ పోర్టుకి వెళ్లదు. లినక్స్ బ్రిడ్జ్‌లో దీన్నే పోర్టు మీద "ఎమ్‌క్యాస్ట్ ఫ్లడ్" అంటారు. లినక్స్‌లో ఒక మంచి సంగతి, స్నూపింగ్ ఆన్‌లో ఉన్నా నెట్‌వర్క్‌లో క్వెరియర్ కనిపించకపోతే అది పాత పద్ధతిలో అందరికీ పంపేస్తుంది. వాల్ నల్లబడటం కంటే నయం కదా అని ఆలోచించి రాశారు.

పెద్ద సిస్కో కేటలిస్ట్ స్విచ్‌ల మీద పనిచేసేవాళ్లకి ఒక మాట. "స్విచ్‌పోర్ట్ బ్లాక్ మల్టీకాస్ట్" అనే కమాండ్ చూసి అదే ఇదనుకోవద్దు. ఆ కమాండ్ ఆపేది ఐపీ లేని, శుద్ధ లేయర్ 2 మల్టీకాస్ట్‌ని. ఐపీ వీడియో దాని పక్క నుంచే దర్జాగా వెళ్లిపోతుంది.

డిస్కార్డ్ పెడితే క్యాస్ట్ బటన్ పోతుందా? సరైన స్విచ్ అయితే పోకూడదు. ఈ స్నూపింగ్ స్విచ్‌లు ఎలా నడుచుకోవాలో 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4541 అనే పత్రం వచ్చింది. 224.0.0తో మొదలయ్యే గ్రూపుల్ని ఎప్పుడూ అన్ని పోర్టులకీ పంపాలని అందులో ఉంది. క్రోమ్‌కాస్ట్ వెతుకులాట 224.0.0.251 కాబట్టి అది బతికిపోతుంది. కానీ 239.255.255.250 వాడే డీఎల్ఎన్ఏ టీవీకి ఆ రక్షణ లేదు. టీవీ సరిగ్గా "చేరుతున్నా" అని చెప్తే కనిపిస్తుంది, చెప్పకపోతే మాయమవుతుంది. ఆ పత్రంలోనే ఇంకో నియమం ఉంది. అన్‌నోన్‌ని అందరికీ పంపకుండా ఆపే స్విచ్, కావాలంటే కొన్ని పోర్టులకి మాత్రం పంపేలా ఒక ఆప్షన్ ఇచ్చి తీరాలి. ఎందుకంటే చేరుతున్నా అని ఎప్పుడూ చెప్పని మొండి డివైస్‌లు ఉంటాయి. పాత కెమెరా రికార్డర్లు, కొన్ని ఫ్యాక్టరీ మెషీన్లు. అవి వింటాయి తప్ప నోరు తెరవవు. అలాంటివాటి పోర్టుకి ఆ గ్రూపుని స్టాటిక్‌గా చేత్తో రాసిపెట్టండి, లేదా ఆ ఒక్క పోర్టుకి ఫార్వర్డ్ వదిలేయండి. దానికోసం మొత్తం స్విచ్‌ని ఫ్లడ్‌లో ఉంచక్కర్లేదు.

ఐపీవీ6 ఉన్నచోట మాత్రం జాగ్రత్త, ఇది నిజంగా ముంచుతుంది. ఐపీవీ4లో పక్కవాడి మాక్ అడ్రస్ కనుక్కోవడానికి బ్రాడ్‌కాస్ట్ వాడతారు. ఐపీవీ6లో బ్రాడ్‌కాస్టే లేదు, ఆ వెతుకులాట కూడా మల్టీకాస్ట్‌లోనే జరుగుతుంది. ఐపీవీ6కి ఐజీఎంపీ బదులు ఎమ్ఎల్‌డీ ఉంటుంది. మీ స్విచ్‌లో ఎమ్ఎల్‌డీ స్నూపింగ్ లేకుండా, అన్‌నోన్ డిస్కార్డ్ ఐపీవీ6కి కూడా వర్తించేస్తే, డివైస్‌లు ఒకదాన్నొకటి కనుక్కోలేవు. లక్షణం ఎలా ఉంటుందంటే, కొన్ని యాప్‌లు బాగానే వస్తాయి, కొన్ని తెరుచుకోవడానికి సెకన్లు తీసుకుంటాయి, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి రెండు స్నూపింగ్‌లూ ఉన్నాయా చూసుకుని, ఎమ్ఎల్‌డీకి కూడా క్వెరియర్ పెట్టాకే ఆ వైపు వెళ్లండి. ఎమ్ఎల్‌డీ లేని చవక స్విచ్ అయితే డిస్కార్డ్ జోలికి పోకపోవడమే మంచిది.

ఇంకో చిన్న చిక్కు. వీడియో బాక్సులకి గ్రూప్ అడ్రస్ మనమే పెట్టుకునే వీలుంటే చాలామంది 239.0.0.1 అని సులువుగా పెట్టేస్తారు. అలా పెట్టొద్దు. ఐపీ మల్టీకాస్ట్ అడ్రస్ మాక్ అడ్రస్‌గా మారేటప్పుడు చివరి 23 బిట్లు మాత్రమే మిగులుతాయి, అందువల్ల 32 ఐపీ గ్రూపులకి ఒకే మాక్ వస్తుంది. 239.0.0.1కి వచ్చే మాక్, 224.0.0.1కి వచ్చే మాక్ ఒకటే. రెండోది ఎప్పుడూ అందరికీ పంపాల్సిన గ్రూపు. మాక్ చూసి పనిచేసే స్విచ్‌కి తేడా తెలీదు, మీ వీడియోని కూడా అందరికీ పంపేస్తుంది, మీరు డిస్కార్డ్ ఎన్నిసార్లు నొక్కినా సరే. 239.0.0, 239.128.0 అనే రెండు వరుసలూ వదిలేసి 239.10.20.1 లాంటిది పెట్టుకోండి.

నన్నడిగితే, వీలైన చోట వీడియోకి వేరే వీలాన్ పెట్టేయడం అన్నిటికంటే ప్రశాంతం. ఆ ఫంక్షన్ హాల్లో కూడా తర్వాత అదే చేయించాను. సెండర్, మూడు రిసీవర్లు ఒక వీలాన్‌లో, యాక్సెస్ పాయింట్లు ఇంకోదానిలో. అప్పుడు స్నూపింగ్ పొరపాటున ఆగిపోయినా వీడియో వైఫైలోకి దూకదు. కొంతమంది యాక్సెస్ పాయింట్‌లో మల్టీకాస్ట్‌ని యూనికాస్ట్‌గా మార్చే ఆప్షన్ ఆన్ చేస్తారు. ఫోన్లలో ఆ వీడియో చూడాల్సిన అవసరం ఉంటే బాగానే ఉంటుంది, అవసరమే లేనప్పుడు గేటు దగ్గరే ఆపడం మేలు.

మీ దగ్గర ఎలా ఉందో చూసుకోవడానికి ఒక ల్యాప్‌టాప్, వైర్‌షార్క్ చాలు, రెండూ ఫ్రీగా దొరికేవే, ల్యాప్‌టాప్ ఫ్రెండ్‌ది అయితే. స్విచ్‌లో ఖాళీ పోర్టుకి కేబుల్ పెట్టండి. ఏ వీడియో తెరవద్దు, ఊరికే క్యాప్చర్ మొదలుపెట్టండి. 239తో మొదలయ్యే అడ్రస్‌కి ప్యాకెట్లు వరదలా వస్తుంటే మీ స్విచ్ ఫ్లడ్ చేస్తున్నట్టే, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్ వాటిని అడగలేదు. తర్వాత ఫిల్టర్ బాక్సులో ఐజీఎంపీ అని కొట్టి మూడు నిమిషాలు ఆగండి. మెంబర్‌షిప్ క్వెరీ అని ఒక లైన్ కనిపించాలి, డిఫాల్ట్ అయితే 125 సెకన్లకోసారి. మూడు నిమిషాలైనా రాలేదంటే క్వెరియర్ లేనట్టే, అప్పుడు డిస్కార్డ్ ముట్టుకోవద్దు. వస్తే ఆ లైన్‌లో పంపినవాడి ఐపీ చూడండి, క్వెరియర్ ఎవరో తెలుస్తుంది. ఒక్కోసారి మీరు అనుకోని డివైస్ ఆ పని చేస్తుంటుంది. ఎవరో తగిలించిన పాత స్విచ్ తక్కువ ఐపీతో గెలిచి కూర్చుంటుంది. దాన్ని ఎవరైనా ఒకరోజు పీకేస్తే కొత్త క్వెరియర్ లేచేదాకా కొన్ని నిమిషాలు బొమ్మ ఊగిసలాడవచ్చు.

కాలేజీ ల్యాబ్‌లో గానీ హాస్టల్‌లో గానీ స్విచ్ మీది కాదు కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం తిప్పలు పడొద్దు. పైన చెప్పిన క్యాప్చర్‌ని కూడా ల్యాబ్ సార్‌ని అడిగి, ఆయన ముందే చేసి చూపించండి. ఇంట్లో నేర్చుకోవాలంటే మేనేజ్డ్ సెట్టింగ్స్ ఉన్న చిన్న ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి, రెండు ల్యాప్‌టాప్‌లు సరిపోతాయి. ఒకదానిలో వీఎల్‌సీ పెట్టి ఏదైనా వీడియోని 239.10.20.1కి స్ట్రీమ్ చేయండి, రెండోదానిలో వీఎల్‌సీతోనే తెరవండి. క్వెరియర్ ఆఫ్ చేసి డిస్కార్డ్ పెట్టి, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోండి. స్విచ్‌లో ఏజింగ్ టైమ్ మార్చి ఉంటే నంబర్ వేరుగా వస్తుంది, డిఫాల్ట్ అయితే 260 దగ్గర బొమ్మ ఆగుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే సెటప్‌తో వీలాన్‌లు చేద్దాం, ఆ స్విచ్ దాచిపెట్టుకోండి.